గుమ్మడికి దారివ్వండి

అండమాన్‌లో తెలుగువాళ్ళ పెరట్లోకి అడుగుపెడితే ముందు పందిరే కనబడుతుంది. నాలుగు వెదురు గుంజలు, పైన అడ్డకర్రలు, వాటి మీద ఆనప, బీర, కాకర. ఎక్కడో ఒక మూల గుమ్మడి కూడా. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన పెద్దలు మోసుకొచ్చిన అలవాటు ఇది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది తెలుగు మాట్లాడేవాళ్ళే. అంటే పందిళ్ళకు కొదవ లేదు.

ఆనపకు, బీరకు పందిరి ఉండనివ్వండి. గుమ్మడికి మాత్రం వద్దు. దాన్ని నేల మీద పాకనివ్వండి. నేల చాలకపోతే ఇంట్లోవాళ్ళు సర్దుకోవాలి గానీ తీగ సర్దుకోకూడదు. పెద్ద కాయ కావాలనుకునేవాళ్ళకు నేను చెప్పే సలహాలన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే. ఇవి విన్నాక ఇంటిల్లిపాదీ అడ్డుపడతారు. ఓపికగా వినండి, ఆ తర్వాత గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళండి.

1. పందిరి ఎక్కించకండి

తీగకు కాయ బరువా అంటారు. తీగకు కాదు, పందిరికే బరువు. పది కిలోలు దాటిన కాయ పైనుంచి వేలాడితే కింద ఉట్టి కట్టాలి, గుంజలకు ఊతం పెట్టాలి. ఇక్కడి గాలివానలు దానికి తోడు. 2013 నవంబరులో లెహర్ తుఫాను పోర్ట్ బ్లెయిర్ దగ్గరే ద్వీపాలను దాటింది. మనం పాదు పెట్టే నెల కూడా అదే.

బరువు సంగతి అలా ఉంచినా అసలు కారణం ఇంకొకటుంది. గుమ్మడి తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు వేయగలదు. ఆకు, నులితీగ, పువ్వు పుట్టే చోటే, మట్టి తగిలితే చాలు, రెండు మూడు రోజుల్లో తెల్లటి వేరు మొలక కనబడుతుంది. పందిరి మీద ఆ కణుపులకు మట్టి అందదు. కాబట్టి పందిరి తీగ ఒక్క నోటితో తింటుంది, నేల తీగ ముప్పై నలభై నోళ్ళతో తింటుంది. కాయ సైజులో తేడా అక్కడే పుడుతుంది.

లోకమంతటా పెద్ద కాయలు పండించేవాళ్ళు తీగను నేల మీదే నడుపుతారు. కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ళ తరబడి ఎంపిక చేసి తయారుచేసిన 'అట్లాంటిక్ జెయింట్' వంగడమే నేటి రికార్డు కాయలకు మూలం. 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లో పేటన్ అనే కవలలు పండించిన కాయ 1,278.8 కిలోలు తూగింది. అలాంటి కాయను మోసే పందిరి ఎక్కడా లేదు.

2. ముందు పెరడు ఖాళీ చేయండి

విత్తనం కొనకముందే చేయాల్సిన పని ఇది. ఒక్క పాదుకు ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు నేల కావాలి. తులసికోట తప్ప ఆ మేరలో ఏదీ ఉండనివ్వకండి. బట్టలు ఆరేసే తాడు, స్కూటరు, కోళ్ళ గూడు, పిల్లల క్రికెట్ పిచ్, అన్నీ పక్కకు జరగాలి. ముందు గేటు నుంచి గుమ్మానికి వెళ్ళే దారి ఆ మేరలోకి వస్తే నాలుగు నెలలు పెరటి గుమ్మం వాడండి. వచ్చిన చుట్టాలకు కూడా అదే దారి చూపించండి.

"మధ్యలో నాలుగు వంకాయ మొక్కలు పెట్టుకుంటాం" అనేవాళ్ళకు ఒప్పుకోకండి. తీగ మూడో వారం నుంచి పరుగు అందుకుంటుంది. వంకాయ కోసం లోపలికి వెళ్ళే ప్రతి అడుగూ మట్టిలో పాతుకున్న వేళ్ళ మీద పడుతుంది. మనుషులు నడవడానికి చాళ్ళ మధ్య రెండు చెక్కలు పరచండి. వాటి మీదే నడవాలి.

3. పాదు ఈశాన్యాన పెట్టండి

డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. తీగకు ఎదురుగాలి తగిలితే లేత కొస లేచి తిరగబడుతుంది, ఆకుల కాడలు విరుగుతాయి. పాదు ఈశాన్య మూలన తీసి, తీగను నైరుతి వైపు నడిపిస్తే గాలి వెనక నుంచి నెడుతుంది. వాస్తు పట్టింపు ఉన్న ఇంట్లో కూడా దీనికి పేచీ ఉండదు. నీళ్ళు ఈశాన్యాన, బరువు నైరుతిలో.

మన ద్వీపాల్లో ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన పడుతుంది. నేల చాలాచోట్ల పులుపు నేల, నీరు నిలిచే నేల. అందుకే పాదు గొయ్యిలా కాక దిబ్బలా ఉండాలి. మోకాలెత్తు మట్టి పోసి, బాగా మాగిన గెత్తం నాలుగు గంపలు కలిపి, పైన పొయ్యి బూడిద చల్లండి. బూడిద మట్టి పులుపును కొంత తగ్గిస్తుంది. సున్నం కోసమని తీరంలో పగడపు ముక్కలు ఏరుకురావద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష ఉంది. సముద్రపు ఇసుక కూడా వద్దు, ఉప్పు గుమ్మడికి పడదు.

పల్లపు నేల ఉన్నవాళ్ళు గారచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ చెప్పే పద్ధతి చూడండి. పక్కన వెడల్పాటి కాలువ తవ్వి, ఆ మట్టితో ఎత్తు మడి కట్టడం. మడి మీద కూరగాయలు, కాలువలో చేపలు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్ లాంటి చోట్ల పొలాల్లోకి పోటు నీరు వచ్చింది. అలాంటి నేలలో ఎంత ఎరువు వేసినా గుమ్మడి నిలవదు. ఎత్తు మడి లేకుండా అక్కడ విత్తనం వృథా చేయకండి.

4. ప్యాకెట్ మీది బొమ్మ చూసి విత్తనం కొనకండి

అట్లాంటిక్ జెయింట్ మీద మోజు పడొద్దు. అది వేసవిలో పదిహేను గంటల పగలు, చల్లటి రాత్రులు ఉండే చోట ఎదిగిన వంగడం. డిసెంబరులో మనకు పగలు పన్నెండు గంటలు కూడా ఉండదు. మన ఉక్కకు, తేమకు తట్టుకునేది మన తీపి గుమ్మడే. కాయ తొడిమ చూసి పోల్చుకోవచ్చు. గట్టిగా, అయిదు పలకలుగా ఉండి, కాయను అంటుకునే చోట గొడుగులా విచ్చుకుంటే అది మనకు కావాల్సిన జాతి. తొడిమ గుండ్రంగా, మెత్తగా, బెండులా ఉంటే అది వేరే జాతి, దాన్ని పక్కన పెట్టండి.

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 'కో-1' గుమ్మడి ఏడెనిమిది కిలోల కాయ కాస్తుంది. అది దొరికితే మంచిదే. అంతకన్నా మంచి దారి ఒకటుంది. జనవరి తర్వాత సంతలో షహీద్ ద్వీప్ నుంచి వచ్చే కూరగాయల గుట్టల దగ్గర నిలబడండి. ఒకప్పుడు నీల్ ఐలాండ్ అని పిలిచిన ఆ ద్వీపం ఇక్కడివాళ్ళకు కూరగాయల గంప. అక్కడి గుమ్మడికాయల్లో అన్నిటికన్నా పెద్దది, ఆకారం సరిగా ఉన్నది, తొడిమ లావుగా ఉన్నది కొనండి. బేరమాడకండి. మీరు కొనేది కూర కాదు, వచ్చే ఏటి తీగ.

5. తీగను సాయంత్రమే తిప్పండి

నవంబరు చివర వాన తెరిపి ఇవ్వగానే విత్తనం పెట్టండి. మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఒక్కటే ఉంచి, మిగతావి గోటితో తుంచేయండి. పీకితే ఉన్నదాని వేరు కదులుతుంది.

అయిదారు ఆకులు వచ్చేదాకా మొక్క నిటారుగా నిలబడుతుంది. ఆ తర్వాత ఒక రోజు పక్కకు ఒరుగుతుంది. మీరు దారి పట్టించాల్సింది అప్పుడే. పొద్దున పూట తీగను ముట్టుకోవద్దు. రాత్రంతా తాగిన నీటితో బిగుసుకుని పెళుసుగా ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు కొంచెం వాడి మెత్తబడుతుంది. నాలుగు దాటాక వెళ్ళి, కొసకు జానెడు వెనక ఒక చేయి కింద పెట్టి, రెండో చేత్తో మీకు కావాల్సిన వైపుకు బెత్తెడు జరపండి. రెండు వెదురు పుల్లలు కత్తెర వేసినట్టు తీగ మీదుగా మట్టిలోకి గుచ్చండి. తీగ వాటి సందులో వదులుగా ఉండాలి, నొక్కుకోకూడదు. మిగతా వంపు రేపు.

నులితీగలు దేన్ని పడితే దాన్ని చుట్టేస్తాయి. గడ్డిపోచను చుట్టుకుంటే తీగ అటు లాగుతుంది. అందుకని కొస దగ్గరి నులితీగలు రోజూ తుంచేయండి. మూలతీగ తిన్నగా నైరుతికి పోవాలి. దాని నుంచి కుడికీ ఎడమకూ పుట్టే పిల్లతీగల్ని అడ్డంగా, మూలతీగకు లంబంగా నడపండి. రెండు పిల్లతీగల మధ్య మూరెడు దూరం ఉంటే చాలు, దగ్గరగా పుట్టినవి తీసేయండి. రెండున్నర మీటర్లు సాగాక పిల్లతీగ కొస తుంచండి. పిల్లతీగ మీద మళ్ళీ పుట్టే తీగల్ని వేలెడు కాకముందే గిల్లేయండి. ఇక్కడ జాలి పడితే నెల తిరిగేసరికి పెరడు చిక్కుపడిన వలలా అవుతుంది, ఏ తీగ ఎటు పోతోందో మీకే తెలియదు.

6. ప్రతి కణుపుకూ మట్టి వేయండి

తీగ ఒక చోట కుదురుకున్నాక, కణుపు కింద బొరిగెతో వేలి లోతు గాడి తీసి, అందులో తీగను దించి, పైన గుప్పెడు మట్టి, గుప్పెడు గెత్తం కప్పండి. ఆకు కాడ, పువ్వు పైనే ఉండాలి. వారంలో అక్కడ వేరు పడుతుంది. ఇలా మూలతీగకూ, పిల్లతీగలకూ. ఇంట్లో అందరికీ తలో వరస అప్పగిస్తే పని తేలిక.

కప్పిన మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరచండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాన బాగా తక్కువ. పట్నంలో కుళాయి నీళ్ళకు కటకట మొదలయ్యేదీ అప్పుడే. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు ఒక్క చుక్క కాలువపాలు కాకూడదు. వంటింట్లో ఒక బకెట్టు పెట్టి, దానికి గుమ్మడి బకెట్టు అని పేరు పెట్టండి. నీళ్ళు పాదు మొదట్లోనే పోస్తే చాలదు, కణుపు కణుపుకూ చెంబుతో అందించండి.

7. సంక్రాంతికి ఊరు వెళ్ళకండి

ఈ సలహాకే అందరూ కోపగించుకుంటారు. అయినా చెబుతాను. నవంబరు చివర పెట్టిన పాదుకు ఆడపువ్వులు సంక్రాంతి అటూ ఇటూ మొదలవుతాయి. విశాఖ ఓడ దాదాపు మూడు రోజుల ప్రయాణం, తిరుగు ఓడ ఎప్పుడో దాని ఇష్టం. మీరు తిరిగొచ్చేసరికి కావాల్సిన పువ్వు పూసి రాలిపోయి ఉంటుంది. ఈ ఒక్క ఏడూ పెద్దవాళ్ళనే ఇక్కడికి పిలిపించండి. తీగ దగ్గర వాళ్ళ చేతులు కూడా పనికొస్తాయి.

పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని, పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఇక్కడ పొద్దు వైజాగ్ కన్నా ముప్పావుగంట ముందు వస్తుంది. జనవరిలో ఆరు కాకముందే వెలుగు. కాబట్టి అయిదున్నరకు పెరట్లో ఉండండి. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నటి కాడ మీద ఉన్నది మగపువ్వు. మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు లోపలి మూడు తమ్మెల మీదా మెల్లగా తాకించండి. తర్వాత ఆడపువ్వు రేకులు దగ్గరికి చేర్చి దారంతో వదులుగా కట్టండి. వేరే పుప్పొడి చేరదు కాబట్టి విత్తనం మీ తీగదే అవుతుంది.

ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు గుమ్మడి పువ్వు కావాలి. ఆడపిల్లలు తెల్లవారుజామునే కోసుకుపోతారు. వద్దనకండి. మగపువ్వే కోయమని, అందులోనూ నాలుగు మీకు వదలమని నేర్పండి. పక్కింటి బెంగాలీవాళ్ళు శనగపిండిలో ముంచి వేయించుకోవడానికి అడిగితే వాళ్ళకూ మగపువ్వులే ఇవ్వండి.

8. ఒక్క కాయ ఉంచండి, మిగతావి తుంచండి

మూలతీగ మీద, పాదు నుంచి మూడు మీటర్ల దూరంలో పడిన పిందెను ఎంచుకోండి. అంతకన్నా దగ్గర పడినదానికి వెనక ఆకుల బలం చాలదు. అది కోడిగుడ్డు సైజు దాటి నిగనిగలాడుతూ నిలబడ్డాక, మిగతా పిందెలన్నీ తుంచేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. తుంచిన పిందెలతో వేపుడు చేసి పెట్టండి గానీ ఒక్కటి కూడా తీగకు వదలకండి. రెండు కాయలకు పంచిన తీగ రెండు మామూలు కాయలే ఇస్తుంది.

కాయ పిడికెడు అయ్యాక ఒక్కసారి కింద కూర్చుని చూడండి. తొడిమ తీగను ఆనుకుని ఇరుకుగా ఉంటుంది. కాయ లావెక్కేకొద్దీ దాని భుజం తీగను నెడుతుంది, ఆ నెట్టుడుకు తొడిమ చీలుతుంది. అందుకని రోజూ సాయంత్రం వేలెడు చొప్పున కాయను తిప్పుతూ, వారం పది రోజుల్లో తొడిమను తీగకు లంబంగా తీసుకురండి. కాయకు ఇటు రెండు కణుపులు, అటు రెండు కణుపులు మట్టిలో పాతవద్దు, పాతి ఉంటే అక్కడి వేళ్ళు కోసేయండి. కాయ పెరిగితే తీగ పైకి లేవాలి కదా. కాయ కింద వక్క మట్టలు పరచండి, లేకపోతే కొబ్బరి డొక్కలు బోర్లించండి. తడి నేలకు ఆనితే అడుగు కుళ్ళిపోతుంది. పైన కొబ్బరాకు తడక నీడ పట్టండి. ఎండ తగిలితే తొక్క తొందరగా గట్టిపడుతుంది, లోపల పెరుగుతున్న కాయ పగులుతుంది.

పిందె నిలబడగానే పాత గుడ్డతో వదులుగా కప్పితే పండు ఈగ గుడ్లు పెట్టదు. ఈగ కుట్టి మెత్తబడిన పిందెలు కనబడితే పెంటకుప్ప మీద వేయకుండా లోతుగా పాతిపెట్టండి.

9. రాత్రి నిద్ర తగ్గించుకోండి

ఈ ద్వీపాల్లో గుమ్మడికి పెద్ద శత్రువు ఆఫ్రికా పెద్ద నత్త. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం ఈ ద్వీపాలను ఆక్రమించిన రోజుల్లో ఇది ఇక్కడికి చేరిందని చెబుతారు. లేత మొక్కను ఒక్క రాత్రిలో మొదలంటా తినేస్తుంది. మందు చల్లి పడుకోవడం కన్నా టార్చి, పట్టకారు, బకెట్టు తీసుకుని భోజనాలయ్యాక ఒకసారి, పడుకోబోయే ముందు ఇంకోసారి తిరగండి. వట్టి చేత్తో ముట్టుకోవద్దు, దాని జిగురులో రోగకారక పురుగులు ఉండొచ్చు. బకెట్టులో ఉప్పునీళ్ళు పెట్టండి, మడి మీద మాత్రం ఉప్పు చల్లకండి. ఇక్కడ జెర్రులు పెద్దవి, పాములూ ఉన్నాయి. గమ్‌బూట్లు లేకుండా రాత్రి తీగల్లోకి దిగవద్దు.

ఇక చుక్కల జింకలు. బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలినవి, వేటాడే మృగం లేక అడవంతా నిండాయి. దడి నడుము ఎత్తు కడితే దూకేస్తాయి, మనిషి కన్నా ఎత్తుగా ఉండాలి. జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారులు పక్కన పడేసే పాత వలలు అడిగి తెచ్చుకుని వెదురు గుంజలకు బిగుతుగా కట్టండి. వదులుగా వేలాడదీస్తే జింక కొమ్ములు చిక్కుకుంటాయి.

10. కోసేది మే నెలకు ముందు, తినేది నలుగురితో

దేశంలో అందరికన్నా ముందు, మే మూడో వారానికల్లా రుతుపవనం మనల్నే తాకుతుంది. ఏప్రిల్ దాటనివ్వకండి. గోరు దిగనంత గట్టిగా తొక్క, ఎండి బెరడు కట్టిన తొడిమ కనబడితే కాయ ముదిరినట్టే. జానెడు తొడిమతో కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తవద్దు. గోనెపట్టా మీదికి దొర్లించి, నాలుగు మూలలా నలుగురు పట్టుకోవాలి.

కాయను అమ్మకండి. ఇంత పెద్దది కోశాక ఒక ఇంట్లో నిలవ ఉండదు, కోసిన ముక్క రెండు మూడు రోజుల్లో పాడవుతుంది. వీధి మొత్తాన్ని పిలిచి పెరట్లోనే కోయండి. మన ఇంట దప్పళం, బెల్లం పెట్టిన కూర. మలయాళీల ఇంట కొబ్బరి వేసిన ఎరిశ్శేరి. బెంగాలీల ఇంట శనగలతో ఛొక్కా. నాలుగు నెలలు మీ గేటు మూసేసినందుకు విసుక్కున్నవాళ్ళకు పెద్ద ముక్క వేయండి. వాళ్ళు ఇచ్చిన దారిలోనే అది కాసింది.

గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, బూడిదలో కలిపి దాచండి. అడిగినవాళ్ళందరికీ పంచండి. ఇచ్చేముందు వాళ్ళ పెరట్లోకి వెళ్ళి చూడండి. పందిరి గుంజలు పాతి ఉంటే ఆనప గింజలు ఇవ్వండి. నేల ఖాళీగా ఉంటేనే గుమ్మడి గింజలు ఇవ్వండి.